తొట్టిలో మైలతుత్తం మూట

పెళ్లయి తొమ్మిదేళ్లు గడిచినా మా అత్తగారు నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. చాయ్ ఇవ్వాలంటే గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ "చాయ్ సల్లారుతది" అనేది. నేనేమైనా అడిగితే జవాబు మా ఆవిడకు చెప్పేది. మా ఆవిడ పక్కన ఉంటే సరే. లేకపోతే ఆమె ఆఫీసు నుంచి వచ్చేదాకా నా ప్రశ్నకు జవాబు ఉండదు.

నిజామాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో పాతకాలం ఆడవాళ్లకు అది మర్యాద. అల్లుడి ముందు కుర్చీలో కూర్చోరు, తల మీది కొంగు జారనివ్వరు, ఎదురుపడి మాట్లాడరు. ఈ సంగతి మా ఆవిడ పెళ్లికి ముందే చెప్పింది. విన్నానే కాని నమ్మలేదు. మాది బోధన్ దగ్గర ఒక క్యాంపు. తాతల కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్ల ఊళ్లను ఇక్కడ అలా పిలుస్తారు. మా ఇళ్లలో అత్తగారు అల్లుడితో కూర్చుని పేకాట కూడా ఆడుతుంది. మా అమ్మమ్మ మా నాన్నను "ఏవయ్యా, ఆ చెరుకు ఈ ఏడన్నా కొట్టిస్తావా లేదా" అని వీధిలో నిలబెట్టి అడిగేది. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఈవిడ మౌనం ఒకే రకంగా అర్థమైంది. కూతురు తనంతట తాను ఇష్టపడి క్యాంపు పిల్లాణ్ణి చేసుకోవడం ఆవిడకు నచ్చలేదు, అంతే. అలా అనుకుని నేనూ బిగదీసుకుని కూర్చున్నాను.

నిరుడు మా మామగారి సంవత్సరీకం అయిపోయింది. మా ఆవిడ ఒక్కతే కూతురు. నందిపేట్ అవతల, గోదావరికి దగ్గర్లో వాళ్ల ఊరు. మూడెకరాల్లో వరి, ఎకరంలో పసుపు. పొలాన్ని బంధువుకు కౌలుకిచ్చి, ఇంటికి తాళం వేయించి, దసరా తర్వాత మా ఆవిడ తల్లిని నిజామాబాద్ తీసుకొచ్చింది. ఇక ఎప్పటికీ మా దగ్గరే ఉంచుకోవాలని ఆమె కోరిక. పోస్టాఫీసులో పని చేసుకుంటూ రోజుకు రెండుసార్లు తల్లికి ఫోన్ చేసి "తిన్నవా" అని అడగడం, తినకుండానే తిన్నానంటుందని తెలిసి కుమిలిపోవడం ఏడాదిగా చూస్తున్నాను. అమ్మ కళ్ల ముందు ఉంటే చాలు అనేది. అత్తగారికేమో అల్లుడి ఇంట్లో అన్నం తింటూ కూర్చోవడం నామోషీ. "బిడ్డింట్ల ఎన్నొద్దులుంటరే" అని ప్రతి ఆదివారం పేచీ పెట్టేది. అప్పుడల్లా మా ఆవిడ నా వైపు చూసేది. నేను ఒక్కసారి నోరు తెరిచి 'ఉండండి' అంటే సరిపోయేదేమో. ఆవిడ నాతో మాట్లాడనప్పుడు నేనెందుకు అనాలి అన్నది నా పంతం.

మా ముందుగదిలో మూడడుగుల అద్దాల తొట్టి ఉంది. ప్లాస్టిక్ పూలు, నోరు తెరిచి మూసే బొమ్మ మొసలి ఉండే తొట్టి కాదది. అడుగున మట్టి, దాని మీద ఇసుక, అందులో నిజమైన మొక్కలు. ముందువైపు పొట్టి గడ్డి, వెనక ఎర్రాకు మొక్కలు, మధ్యలో ఒక చెక్కమొద్దు. చిన్న చేపలు పదిహేను. చిటికెన వేలి కణుపంత ఎర్ర రొయ్యలు ఓ నలభై. పది తెచ్చి వేస్తే అవే పిల్లలు పెట్టి నలభై అయ్యాయి. జూనియర్ కాలేజీలో పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి చెప్పి గొంతు పోయాక, సాయంత్రం ఆ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే నాకు ప్రాణం లేచొచ్చేది.

అత్తగారు వచ్చాక పగలంతా ఆ కుర్చీ ఆవిడది. నా బండి చప్పుడు వినపడగానే లేచి లోపలికి పోయేది. పూర్తిగా పోయేది కాదు. తలుపు పక్కన నిలబడి చేపలతో మాట్లాడేది. "ఏం శాపల్లారా, ఇయ్యాల మీ సారుకు ఆలిశమాయె. పగటీలి ఏమన్న తిన్నడో లేదో." అది నాకేనని తెలుస్తూనే ఉండేది. మొదట్లో పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. తర్వాత తర్వాత నేనూ చేపలకే చెప్పడం మొదలుపెట్టాను, "స్టాఫ్ మీటింగ్ అయింది, క్యాంటీన్లో తిన్నాను" అని. మా ఆవిడ మా ఇద్దరినీ చూసి తల కొట్టుకునేది.

చలికాలం మొదట్లో తొట్టికి నాచు పట్టింది. ముందు అద్దం మీద ఆకుపచ్చని చుక్కలు. ఆ తర్వాత ఆకుల అంచుల వెంట నల్లని నూగు. ఆ తర్వాత అసలుది, వెంట్రుకల్లాంటి పోగులు గడ్డిని అల్లుకుని, మొద్దును అల్లుకుని, చివరికి ఫిల్టరు గొట్టాన్ని కూడా అల్లుకున్నాయి. పాత టూత్ బ్రష్ పెట్టి తిప్పితే బ్రష్షుకు చుట్టుకుని వచ్చేది. పొద్దున ఎంత తీస్తే సాయంత్రానికి అంత ఉండేది. నాకసలే ముక్కు మీద కోపం. నాచుతో నాకు పగలాంటిది పుట్టింది.

చేయని వైద్యం లేదు. చేపల దుకాణంవాడు "సార్, ఈ మచ్చీ వేయండి, నాలుగు రోజుల్లో పూరా సాఫ్" అని నాచు తినే చేప ఒకటి అంటగట్టాడు. అది రెండు రోజులు నాచు తిని, మూడో రోజు మిగతా చేపల మేత రుచి మరిగి, పది రోజుల్లో తొట్టిలో అందరికన్నా లావయింది. యూట్యూబులో ఎవరో మొక్కలు బలంగా ఉంటే నాచు ఓడిపోతుందని చెప్పాడు. అది పట్టుకున్నాను. కెమిస్ట్రీ లెక్చరర్ని కదా. నైట్రేటు ఎంత, ఫాస్ఫేటు ఎంత, పొటాషియం ఎంత అని కాగితం మీద లెక్క కట్టి, రోజూ పొద్దున సిరంజితో కొలిచి పోశాను. మొక్కలకు బలం సరిపోదేమోనని లైటు వెలిగే సమయం రోజుకు ఆరు గంటల నుంచి పది గంటలకు పెంచాను. నాచు రెట్టింపయింది. నేను మందూ రెట్టింపు చేశాను.

"పైన ఎండ, కింద ఎరువు. నాసు గాక ఇంకేం మొలుస్తది శాపల్లారా?" అంది అత్తగారు ఒకరోజు తలుపు పక్కనుంచి. దెప్పుతోంది అనుకున్నాను. డిగ్రీలు చదివినవాణ్ణి, నాకు చెప్పొచ్చింది అనుకున్నాను. ఆ సాయంత్రం చొక్కా చేతులు మోచేతి దాకా తడిసిపోయి, వీపు నొప్పితో కుర్చీలో కూలబడి, మా ఆవిడతో అన్నాను: "ఇంక నా వల్ల కాదు. వచ్చే ఆదివారం దీన్ని మొత్తం తీసి పారేస్తాను." అన్నప్పుడు నా గొంతు బొంగురుపోయింది. నలభై రెండేళ్ల మనిషిని, తొట్టి కోసం ఏడ్చేలా ఉన్నానని నాకే సిగ్గేసింది. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అత్తగారు విందని అర్థమైంది.

మర్నాడు మేమిద్దరం పనులకు వెళ్లాక ఆవిడ ఏం చేసిందో తర్వాత తెలిసింది. ఊరు తెలియని మనిషి, ఒక్కతే ఆటో మాట్లాడుకుని, మార్కెట్ యార్డు దగ్గర ఎరువుల దుకాణానికి వెళ్లి, మేము ల్యాబులో కాపర్ సల్ఫేట్ అనే మైలతుత్తం కొని తెచ్చింది. యాసంగి వరిలో, అంటే రబీ పంటలో, నాట్లు వేశాక నీళ్ల మీద నాచు తెట్టులా కడితే ఇక్కడి రైతులు చేసే పని ఒకటుంది. మైలతుత్తాన్ని పలచటి గుడ్డలో మూటగట్టి మడవలో, అంటే మడిలోకి నీళ్లు పారే గండి దగ్గర, కట్టె పాతి వేలాడదీస్తారు. నీళ్లు మూటను తడుపుకుంటూ పోతాయి. మందు మడంతా పాకుతుంది, నాచు చస్తుంది. నలభై ఏళ్లు ఆ చేతులు ఆ పని చేశాయి. ఆవిడ తన పాత చీర కొంగు చింపి మూటగట్టి, తొట్టిలో ఫిల్టరు నుంచి నీళ్లు పడే చోట వేలాడదీసింది. ఆవిడ లెక్కలో అది మడవే. ఎంత వేసిందంటే, ఒక చిన్న మడికి పట్టేంత.

నాలుగింటికి నేను ఇంటికి వచ్చేసరికి ఆవిడ లోపలికి పోలేదు. మొదటిసారి, గది మధ్యలో నిలబడి ఉంది. మొహంలో ఏదో వెలుగు. "శాపల్లారా, సారుకు సూపియ్యుండ్రి, ఇగ మీ నాసు పోతది" అంది. నేను తొట్టి వైపు చూశాను. నీళ్లకు నీలం రంగు తిరిగింది. ఆ నీలం నేను ఏటా పరీక్షనాళికలో పిల్లలకు చూపించే నీలం. రొయ్యలకు రాగి విషం. అడుగున ఇసుక మీద అన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. కొన్నింటి కాళ్లు ఇంకా కదులుతున్నాయి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని గాలి మింగుతున్నాయి.

మూట పీకి బయట పారేశాను. డ్రమ్ములో నిలవ ఉంచిన నీళ్లు బకెట్లలో పోసి చేపల్ని అందులోకి మార్చాను. తొట్టి తోడి పోశాను, నింపాను, మళ్లీ తోడాను. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అది రాగి విషాన్ని కొంత విరుస్తుంది. దాని వల్లే చేపలు బతికాయి, నా తెలివి వల్ల కాదు. ఆ పని సగంలో ఉండగా మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చింది. చెప్పులు కూడా విప్పనివ్వలేదు. "మీ అమ్మకు చెప్పు," అని అరిచాను, "ఇది నా ఇల్లు. ఆవిడ పొలం కాదు, ఏది తోస్తే అది చేసెయ్యడానికి." అత్తగారు వంటింటి తలుపు వెనకే ఉంది. నేను అరిచింది ఆవిడ వినాలనే.

రాత్రి అన్నాలప్పుడు అత్తగారు ఆకలి లేదంది. పొద్దున నేను మొహం కడుక్కుని వచ్చేసరికి బట్టలు సర్దుకుని వాకిట్లో నిలబడి ఉంది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది, బతిమాలింది. "పొలంల పనులున్నయి బిడ్డా" అని కౌలుకిచ్చిన పొలాన్నే సాకుగా చెప్పిందే తప్ప ఇంకో మాట అనలేదు. నేను గడపలో నిలబడ్డాను. క్షమించమని చెప్పాలని ఉంది. ఎలా చెప్పాలో తెలియలేదు. కేకలైతే గోడ అవతలికి వినపడేలా వేశాను. తప్పయిందన్న మాట అలా చెప్పడం కుదరదని అప్పుడు తెలిసొచ్చింది. అలవాటు కొద్దీ మా ఆవిడనే చూసి "ఉండమని చెప్పు" అన్నాను.

తల్లిని బస్సెక్కించి వచ్చాక మా ఆవిడ అంది. "నిన్న నాకు జెప్పినవ్, నేను ఇన్న. ఆమెకు జెప్పేదేమన్న ఉంటె ఇగ నువ్వే పోయి జెప్పుకో. తొమ్మిదేండ్ల సంది మీ ఇద్దరి నడుమ మాటలు మోస్తున్న. నాతోని కాదు." ఆమె అరవలేదు. అరిస్తే నాకు తేలికగా ఉండేది.

మైలతుత్తం నాచును మాత్రం బాగానే చంపింది. పోగులన్నీ తెల్లబారి, ఊడి, నీళ్లలో కొట్టుకుపోయాయి. రెండు వారాలు తొట్టి అద్దంలా మెరిసింది. రొయ్యలు లేవు, గడ్డి సగం కుళ్లింది, నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. చూడబుద్ధి కాలేదు. మూడో వారం నాచు మళ్లీ వచ్చింది, ముందుకన్నా చిక్కగా. చెంపదెబ్బ తిన్నట్టయింది. రాగి నాచును చంపుతుంది కాని, నాచును పుట్టించేదాన్ని ముట్టుకోదు. దాన్ని రోజూ పొద్దున సిరంజితో పోస్తున్నది నేనే. ఆ మాట అత్తగారు తలుపు పక్కనుంచి చేపలకు చెప్పినప్పుడు నేను దెప్పుతోందనుకున్నాను.

ఆ రోజుల్లో మా ఆవిడ రోజూ పెరట్లోకి వెళ్లి తల్లికి ఫోన్ చేసేది. ఊళ్లో పక్కింటావిడ ఒకసారి ఫోన్ తీసుకుని, పెద్దామె ఒక్కపూటే పొయ్యి ముట్టిస్తోందని, అడిగితే ఎవరికోసం వండాలె అంటోందని చెప్పింది. మా ఆవిడ ఫోన్ పెట్టేసి తులసికుండీ దగ్గర చాలాసేపు కూర్చుంది. నేను కిటికీలోంచి చూశాను. తొట్టి పోతే పోయింది, నేను కోల్పోతున్నది అది కాదని ఆ రోజు నాకు స్పష్టంగా తెలిసింది. భయం కూడా వేసింది. అత్తగారు ఇక ఈ గడప తొక్కకపోతే మా ఆవిడ జీవితాంతం ఒక్క మాటా అనకుండా చూపుతోనే నన్ను నిలదీస్తుంది.

ఆదివారం పొద్దున నందిపేట్ బస్సెక్కాను. మా ఆవిడను రమ్మంటే రానంది. ఊళ్లో దిగి ఇంటికి వెళ్తే తాళం. కౌలుకిచ్చినా రోజూ పొలం కాడికే పోతోందన్నారు. యాసంగి నాట్లు పడి నెల దాటింది. ఆవిడ గట్టు మీద ఒంటరిగా నిలబడి ఉంది. నన్ను చూసి గబగబా కొంగు తల మీదికి లాక్కుంది. అలవాటుగా నా పక్కన మా ఆవిడ కోసం చూసింది. ఎవరూ లేరు. చుట్టూ వరి తప్ప మాట చెప్పి పంపడానికి మనిషన్నవాడు లేడు. ఆవిడ కాసేపు తటపటాయించి, పక్కకు తిరిగి, ఎదురుగా ఉన్న మడితో అంది: "వచ్చినోళ్లు నీడకు కూసోరాదుండ్రి. ఎండ మండుతుండె."

నేను కూర్చోలేదు. బస్సులో వస్తూ అనుకున్న మాటలన్నీ మరచిపోయాను. "అత్తయ్యగారూ, నేను అన్నది తప్పు" అన్నాను. "నా ఇల్లు అన్నాను. ఆ మాట అనకూడదు. మీరు నాకోసం ఆటో ఎక్కి వెళ్లి తెచ్చారు, నేను అరిచాను." అంతే వచ్చింది.

ఆవిడ కొంగుతో నోరు అదుముకుని ఏడ్చింది. "నలభై జీవాలు," అంది మడి వైపు చూస్తూనే, "నా సేతులతోని సచ్చినయి. పొలంల ఏస్తె నాసే పోతుండె. గవి గంత సున్నితమని నాకెర్కలేకపాయె. బిడ్డ సంసారంల నిప్పు వెట్టిన." ఇన్నాళ్లూ ఆవిడ ఒంటరిగా ఆ రొయ్యల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చుందని నాకు తట్టనే లేదు. నేను నా తొట్టి గురించే ఆలోచించాను. "పాపం మీది కాదు" అన్నాను. "నాచును పెంచింది నేను. మీరు ముందే చెప్పారు. ఎండ, ఎరువు అని."

అప్పుడు జేబులోంచి ఫోన్ తీసి తొట్టి ఫోటో చూపించాను. నాచు మళ్లీ వచ్చిందని, ఇప్పుడేం చేయాలో చెప్పమని అడిగాను. రోజూ నలుగురికి పాఠం చెప్పేవాణ్ణి, గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఫోన్ వైపు వంగి ఓరగా చూసింది. తర్వాత గట్టు దిగి, వరి దుబ్బులు రెండు చేతులతో పక్కకు జరిపింది. దుబ్బులు చిక్కగా ఉన్న చోట కింద నీళ్లు తేటగా ఉన్నాయి. నాట్లు పలచబడి ఖాళీ మిగిలిన మూల మాత్రం పచ్చని తెట్టు కట్టి ఉంది. ఒకే మడి, ఒకే నీళ్లు.

"పైరు కమ్ముకున్న కాడ నీళ్లకు ఎండ తాకదు, నాసు దానంతటదే సస్తది" అంది, మడికి పాఠం చెప్తున్నట్టు. "పల్చగున్న కాడ ఎండ వడ్తది, నాసు వడ్తది. డీఏపీ ఎరువు పైపైన సల్లితె ఇంక వడ్తది. నీళ్లు తీసి మల్ల కొత్త నీళ్లు పెట్టాలె, మందు ఆపాలె, నెల దినాలు ఓపిక వట్టాలె. మైలతుత్తం ఆత్రపోళ్ల మందు."

"మరి మీరెందుకు వేశారు?" అని అడిగాను.

ఆవిడ దుబ్బులు వదిలేసి చేతులు కడుక్కుంది. "అల్లుడు ఏడుస్తుండె" అంది. "నెల దినాలు ఆగేటట్టు లేకుండె."

తొమ్మిదేళ్లుగా లోపల పెట్టుకున్నది అప్పుడు బయటపడింది. నేనంటే ఇష్టం లేకనే మాట్లాడరనుకున్నాను అన్నాను. ఆవిడ ఉలిక్కిపడి ఒక్క క్షణం నన్ను సూటిగా చూసి, వెంటనే మొహం తిప్పుకుంది. "గిదేం మాట! ఇష్టం లేనోని తొట్టి సంగతి నాకెందుకు? ఇంటల్లుడని పెద్దరికమిచ్చిన. గది గిట్ల అర్తమైతదా?" అని మడిని గట్టిగానే నిలదీసింది. నవ్వొచ్చింది, కళ్లు కూడా చెమర్చాయి. ఇంటికి రమ్మని అడిగాను. ఈసారి నా నోటితోనే అడిగాను. పసుపు పని అయినంక చూద్దామంది. వస్తానని అనలేదు.

తిరిగి వచ్చాక ఎరువు సీసాలు అటక మీద పెట్టేశాను. లైటు మళ్లీ ఆరు గంటలకు తగ్గించాను. చేపలకు మేత సగం చేశాను. తొట్టిలో మిగిలిన రాగిని పీల్చుకుంటుందని ఫిల్టరులో బొగ్గు పెట్టాను. ప్రతి ఆదివారం సగం నీళ్లు తీసి కొత్త నీళ్లు పోశాను. ఖరీదైన ఎర్రాకు మొక్కల జోలికి పోకుండా, తొందరగా పెరిగే మామూలు నీటి మొక్కలు తెచ్చి, నారు నాటినట్టు వేలెడు దూరంలో ఒకటి గుచ్చుకుంటూ పోయాను. మా ఆవిడ ఫోన్లో తల్లితో మాట్లాడేటప్పుడు నా పక్కన కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. అటునుంచి గొంతు వినపడేది. "అల్లుడు ఎరువు ఆపిండా? దగ్గర దగ్గర నాటిండా?" నేను ఫోన్ వైపు వంగి "ఆపానండీ, నాటానండీ" అనేవాణ్ణి. అవతల ఆవిడ "ఆపిండంట" అని తనలో తను అనుకునేది.

మొక్కలు పెరిగాయి. నీళ్ల పైదాకా వచ్చి, ఒకదాని మీద ఒకటి వాలి, కింద నీడ పరిచాయి. అద్దం తుడిచే పని వారానికి ఒకసారికి తగ్గింది. మొద్దు మీద పోగులు పలచబడ్డాయి. కుడివైపు మూల మాత్రం మొండికేసింది. అక్కడ నాటిన మొక్కలు ఆలస్యంగా అందుకున్నాయి. ఆ మూలంతా నాచు అలాగే గుబురుగా కూర్చుంది. రోజూ దాన్ని చూసి పళ్లు నూరుకునేవాణ్ణి.

మార్చిలో పసుపు మార్కెట్‌కు బంధువుల బండి వస్తుంటే అత్తగారు అందులో వచ్చింది. పసుపు అమ్మకం అయ్యేదాకా ఒక పూట కూతురి దగ్గర కూర్చుని, బండితో పాటే తిరిగి వెళ్లిపోతానని ముందే చెప్పింది. వచ్చేటప్పటికి ఆవిడ చీరంతా పసుపు వాసన. మా ఆవిడ వంటింట్లో హడావిడి పడుతోంది. నేను కాలేజీ నుంచి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా తొట్టి దగ్గరికి వెళ్లాను. ఆవిడకు తొట్టి శుభ్రంగా చూపించాలని నా తాపత్రయం. ఆ మూల ఒక్కటి బాగుంటే చాలు అనిపించింది. చొక్కా చేతులు మడిచి, చెయ్యి లోపల పెట్టి, నాచు పట్టిన మొక్కల్ని మొదట్లో పట్టుకుని పెరకబోయాను.

"ఓ అల్లుడా! ఆగు!"

ఇల్లంతా వినపడింది. నేను కొయ్యబారిపోయాను. అత్తగారు లోపలి గది నుంచి విసవిస వచ్చి తొట్టికి అవతలివైపు నిలబడింది. తల మీద కొంగు లేదు. నన్నే చూస్తోంది. "ఏర్లతోని గుంజుతున్నవేంది? ఏర్లు గుంజితె అడుగున ఉన్న మట్టంత లేస్తది, మల్ల నీళ్లల్ల కలుస్తది, నాసుకు పండుగైతది! ఇన్ని దినాలు ఓపిక వట్టినోనివి, ఇగ పది దినాలు ఆగరాదా? ఎన్ని తీర్ల జెప్పాలె నీకు?"

వంటింటి గుమ్మంలో మా ఆవిడ గరిటె పట్టుకుని నిలబడింది. నోరు తెరుచుకుని మా ఇద్దరినీ చూస్తోంది. తొమ్మిదేళ్లలో మా అత్తగారు నన్ను పిలిచిన మొదటి పిలుపు అది, మొదటి తిట్టు అది. నీళ్లలో చెయ్యి పెట్టి అలాగే వంగి ఉన్న నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. మా అమ్మమ్మ వీధిలో నిలబెట్టి అడిగినప్పుడు మా నాన్న ఎందుకు నవ్వుతూ తల వంచుకునేవాడో నాకు ఇప్పుడు తెలిసింది.

"మరి ఏం చేయమంటారు అత్తయ్యగారూ?" అన్నాను.

ఆవిడ చేపల వైపు తిరగలేదు, గోడ వైపూ తిరగలేదు. "ఏం జెయ్యకు. కమ్ముకోనీ" అంది.

"నాకంత ఓపిక లేదండీ. నా సంగతి మీకు తెలుసు. మీరటు వెళ్లగానే మళ్లీ పీకుతాను."

బయట బండివాడు హారన్ కొట్టాడు. ఆవిడ గుమ్మం వైపు చూసింది, కూతురి వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది.

"తెలుసు గనుకనే అంటున్న" అంది. "బండిని పొమ్మను. గది కమ్ముకునే దాక నేనుంట. నువ్వెట్ల పీకుతవో సూస్త."

నేను తొట్టిలోంచి చెయ్యి తీసి, తడి చేత్తోనే బండిని పంపించడానికి బయటికి పరిగెత్తాను.